చంటాడి మొలతాడు

జూన్ 18, బుధవారం

పొద్దున్నించి ముసురు. తెరిపి ఇచ్చినప్పుడల్లా నేనూ ఎర్రయ్యా కర్పూరం అరటి తోటలో గెలలు కోసేం. గట్టు జారుతోంది. ఎర్రయ్య రెండుసార్లు పడ్డాడు, గెలని మాత్రం పడనివ్వలేదు. మధ్యాహ్నానికి ఆటోలో వేసి రావులపాలెం మార్కెట్టుకి పంపేసేం.

ఇవాళ చంటాడికి తొమ్మిదో నెల సూది. ఉమకి జ్వరం, అందుకని నేనే తీసుకెళ్ళేను. నర్సు యేసురత్నంగారు సూది వేసేక వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి ఒళ్ళంతా చూసేరు. కింద తడిమి ఆగేరు. మళ్ళీ తడిమేరు.

"కుడిపక్క బీజం చేతికి తగలట్లేదండి. పుట్టినప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"లేదండి."

"కొంతమంది మగపిల్లలకి ఇలా పొట్టలోనే ఆగిపోతుంది, కింద సంచిలోకి దిగదు. ఆరు నెలల్లోగా దిగితే దిగినట్టు. ఆ తర్వాత దానంతటది దిగదు. కాకినాడలో పిల్లల సర్జన్‌కి చూపించండి. ఏడాది, మహా అయితే ఏడాదిన్నరలోపు ఆపరేషన్ అయిపోవాలి."

"ఆయ్."

"ఆయ్ అనేసి ఊరుకోకండి ఏడుకొండలుగారూ. ఇది మీ తోటలో గెల కాదు, ఆగితే పండటానికి."

ఇంటికొచ్చి సూది వేసేరని చెప్పేను.

నాకూ కుడిపక్క లేదు. నాకేం కాలేదు.

జూన్ 19

వాన లేదు. అరటి చెట్లు వాలకుండా బొంగులు పోట్లు పెట్టేం.

అమ్మ పెరట్లో కాళ్ళు చాపుకుని వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తుంటే, ఉమ లోపల పడుకుని ఉందని చూసుకుని, యేసురత్నంగారి మాట అమ్మకి చెప్పేను.

అమ్మ చెయ్యి ఆగలేదు. "నీకూ అంతే ఉండేది. పెళ్ళైతే దిగుతుందని మీ నాయనమ్మ అనేది."

దిగిందా అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. వేణ్ణీళ్ళు ఇటు జరపమంది.

ఒళ్ళు తుడుస్తూ వాడి మొలతాడు పట్టుకుని చూసింది. "ఇదీ సంగతి. పురిటి స్నానం నాడు బిగించి కట్టేసేను. దిగవలసింది దీని దగ్గర ఆగిపోయింది. పాపం నాదేరా కొండా."

ముడి విప్పి బాగా వదులు చేసి కట్టింది. నడుం ఎక్కడ, ఆ చోటు ఎక్కడ. అయినా వదులు చేసేక నాకూ కొంచెం నిమ్మళంగానే అనిపించింది.

జూన్ 23

వేణ్ణీళ్ళు పోసేక చూసేను. ఉందనిపించింది.

జూన్ 24

లేదు.

జూన్ 28

మధ్యాహ్నం ఎండ. ఎర్రయ్య రాలేదు, వాళ్ళ మరదలి పెళ్ళిచూపులట. ఒక్కణ్ణే పిలకలు తీసేను.

చంటాడు పాకుతూ వరండాలోంచి వంటింట్లోకి వెళ్ళేడు. మొలతాడు మాత్రం గడప దగ్గర ఉండిపోయింది. మరీ వదులుగా ఉండటం వల్ల కాళ్ళలోంచి జారిపోయింది. అది చూసి అమ్మ పెట్టిన కేకకి పక్కింటి అచ్చమ్మ పరిగెత్తుకొచ్చింది. బతికున్న మగవాడికి మొల ఉత్తిగా ఉండకూడదు, పోయినవాళ్ళకే తాడు తెంపుతారు. ఆ సంగతి అందరికీ తెలిసిందే. అమ్మ అక్కడికక్కడే మళ్ళీ కట్టింది. ఈసారి బిగించే కట్టింది.

"అసలు అంత వదులుగా ఎందుకు కట్టేరండి అత్తయ్యగారూ?" అని ఉమ అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను.

జూలై 2

ఉమకి తెలిసిపోయింది. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి సెంటర్‌లోకి వెళ్తే యేసురత్నంగారు ఎదురుపడి కాకినాడ వెళ్ళేరా అని అడిగేరట.

కుట్టుమిషను ముందు కూర్చునే అంది. నా వైపు తిరగలేదు.

"సూది వేసేరు అన్నారు. ఇంకేం చెప్పేరండీ ఆవిడ అని నేను అడగాలన్నమాట."

"పెద్ద విషయం కాదనుకున్నాను."

"మీకెలా తెలుసు పెద్దది కాదని?"

జవాబు ఉంది. తోటకి వెళ్ళిపోయేను.

జూలై 9

పొద్దున్నే బయలుదేరి కాకినాడ వెళ్ళేం. నేను, ఉమ, అమ్మ, చంటాడు. అమ్మని రావద్దన్నా వచ్చింది.

డాక్టరు చిన్నమ్మాయి. చల్లటి చేతులకి వాడు ఏడుస్తాడేమో అని ముందు చేతులు రుద్దుకుంది. చాలాసేపు చూసింది. పొట్టకీ తొడకీ మధ్య గాడిలో తగులుతోందట. ఆపరేషన్‌తో కిందికి దింపొచ్చు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం అంది.

"చెయ్యకపోతేనండి?" అంది అమ్మ.

"లోపల ఒంటి వేడి ఎక్కువ మామ్మగారూ. అందుకే అది బయట సంచిలో ఉండాలి. లోపలే ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ దెబ్బతింటుంది. పెద్దయ్యాక పిల్లలు పుట్టడానికి ఇబ్బంది అవ్వొచ్చు. గడ్డ వచ్చే అవకాశం కూడా మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ. అందరికీ వస్తుందని కాదు. ఇప్పుడు దింపితే ఆ భయం బాగా తగ్గుతుంది. పైగా కిందుంటే రేపు వాడే తడిమి చూసుకోగలడు. లోపలుంటే గడ్డ వచ్చినా తెలీదు."

వేడి అంటే నాకు మగ్గబెట్టే గది గుర్తొచ్చింది. ఒకసారి పొగ పెట్టిన గది తలుపు తియ్యడం మర్చిపోయాం. తీసేసరికి పైకి పచ్చగానే ఉన్నాయి కాయలు. లోపల నల్లగా ఉడికిపోయాయి.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందాండి? నాన్నగారికి గానీ, మేనమామలకి గానీ?"

"లేదండి," అన్నాను.

అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఆగస్టులో రమ్మన్నారు.

మాకు చంటాడు పెళ్ళైన ఐదేళ్ళకి పుట్టేడు. ఆ ఐదేళ్ళూ ఉమ అమలాపురంలో మందులు వాడింది. నన్నూ పరీక్షకి రమ్మంటే కోతల రోజులని చెప్పేను. అవి ఏ కోతలో ఇప్పుడు గుర్తు లేదు.

జూలై 24

గోదావరి లంకలోకి వచ్చింది. పక్వానికి రానివి కూడా కోసేసేం. పడవలో గెలలు, గెలల మీద ఎర్రయ్య.

జూలై 30

నీరు తీసింది. తోటలో మోకాలి లోతు ఒండ్రు. సగం చెట్లు నిలబడ్డాయి. నయమే.

ఆగస్టు 20

ఆపరేషన్ అవ్వలేదు.

పొద్దున పాలు కూడా పట్టకుండా తీసుకెళ్ళేం. వాడు దారంతా ఏడ్చేడు. వార్డులో బట్టలు విప్పేరు. నర్సు మొలతాడు చూసి, తీసెయ్యాలమ్మా అని కత్తెర తీసింది. ఆవిడ తప్పేం లేదు, అందరికీ అలాగే చేస్తారు.

అమ్మ వాడి మీద పడిపోయింది. "బతికున్న బిడ్డకి మొలతాడు తెంపుతావా? నీకు పిల్లల్లేరా?"

"నాకూ ఇద్దరు మామ్మగారూ. లోపలికి తాడు ఉండకూడదండి."

"అయితే లోపలికే వద్దు."

ఉమ బతిమాలింది. అత్తయ్యగారూ అంది, అమ్మా అంది. అమ్మ వాణ్ణి కొంగులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. అరవయ్యేళ్ళ మనిషి, అంత జోరుగా దిగుతుందనుకోలేదు. ఉమ నా వైపు చూసింది.

నేను బట్టల సంచి పట్టుకుని అమ్మ వెనకాల నడిచేను.

బస్సులో చంటాడు పాలు తాగి నిద్రపోయాడు.

ఆగస్టు 21

ఉమ చంటాణ్ణి తీసుకుని రాజోలు వెళ్ళిపోయింది, వాళ్ళ పుట్టింటికి. కుట్టుమిషను తలకాయ కూడా ఊడదీసి గోనెలో కట్టుకుంది. ఆటో ఎక్కేముందు, "ఆపరేషన్‌కి మళ్ళీ తేదీ తీసుకుని రండి. ఒట్టి చేతుల్తో రాకండి," అంది.

ఆగస్టు 25

ఎరువు వేసేం. వాన.

ఆగస్టు 29

అమ్మ ఇప్పటికీ పొద్దున్నే వేణ్ణీళ్ళు పెడుతోంది. పోయడానికి ఎవరూ లేరు. ఆ నీళ్ళతో నేనే పోసుకుంటున్నాను.

సెప్టెంబర్ 3

ఒండ్రులోంచి కొత్త పిలకలు వచ్చేయి. గట్టిగా ఉన్నాయి.

గట్టు మీద కూర్చుని ఎర్రయ్య అన్నాడు, "కోడలుగారు ఎప్పుడొస్తారు?"

"వస్తుందిలే."

"మా బావకి గజ్జల్లో పేగు జారితే సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఊడ్పుల్లో పడిపోతే మంచం మీద మోసుకెళ్ళేం. ఊరంతా చూసేరు. ముందే చెప్పుంటే డాక్టరొక్కడే చూసును."

"నాకెందుకు చెప్తున్నావు?"

"ఊరికే. బీడీ ఉందా?"

వాడికేదైనా తెలుసేమో. తెలియదనే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 8

రాజోలు వెళ్ళేను. ఒట్టి చేతులే. రెండు అత్తాలు చక్రకేళి పళ్ళు పట్టుకెళ్ళేను గానీ, అవి లెక్కలోకి రావు.

చంటాడు నన్ను చూసి గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను లేనప్పుడు నేర్చుకున్నాడు.

వాళ్ళ పెరట్లో ఉమ బట్టలు ఆరేస్తోంది. నేను తాడు ఇవతల నిలబడ్డాను. మధ్యన దుప్పటి ఉంది. అదే నయమనిపించింది.

"ఉమా. నాకూ అంతే."

"ఏంటండి?"

"చంటాడికి ఉన్నట్టే. కుడిపక్క. పుట్టినప్పట్నించీ."

క్లిప్పు పెట్టిన చప్పుడు వినిపించింది.

"తెలుసండి."

"తెలుసా?"

"గెల చూసి ఎన్నాళ్ళకి పక్వానికొస్తుందో చెప్తారు కదా మీరు. ఇన్నేళ్ళు కాపురం చేసిన దానికి నాకు తెలీదా? ఎప్పటికైనా మీరే చెప్తారని ఊరుకున్నాను. చంటాడు పుట్టేక ఇంక చెప్పక్కర్లేదనుకున్నాను." దుప్పటి పక్కకి లాగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "డాక్టరు అడిగితే లేదన్నారు చూడండి, అదీ నాకు కోపం. వాడి కోసం అడిగింది ఆవిడ."

"నాకేం కాలేదు కదా అని..."

"ఏం కాలేదని మీరు అనడం కాదు. ఆవిడ చేత అనిపించుకుని రండి."

వాళ్ళమ్మగారు అన్నానికి పిలిచేరు. పులస దొరకలేదు, రొయ్యలే అల్లుడుగారూ, ఏమనుకోకండి అన్నారు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

సెప్టెంబర్ 10

ఇద్దరం కాకినాడ వెళ్ళేం. అదే డాక్టరు.

"ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగేరు కదండి. నాకుందండి."

కాగితం వెనక్కి తిప్పి చూసింది. "లేదన్నారే."

"ఆయ్. లేదన్నానండి."

ఆవిడ తిట్టలేదు. ఆపరేషన్‌కి అక్టోబర్‌లో మళ్ళీ రాసింది. నా పేరు మీద వేరే కాగితం రాసి స్కానింగు చేయించుకోమంది. చంటాడి ఆపరేషన్ అయ్యేక అన్నాను. ఉమ ఆ కాగితం తన సంచిలో పెట్టుకుంది.

సెప్టెంబర్ 14

ఉమా చంటాడూ ఇంటికొచ్చేరు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఉమతో మాట్లాడలేదు. కానీ చారు ఉమకి ఇష్టమైనట్టు పెట్టింది.

అక్టోబర్ 14

ఎండ బాగుంది. ఎర్రయ్యకి తోట అప్పజెప్పేను.

అమ్మని ఇంట్లో ఉండిపొమ్మందామనుకున్నాను. ఉమే వద్దంది. "ఇక్కడ కూర్చుని ఏడుస్తారు. మనతోనే రానివ్వండి. చూసుకోవాల్సింది మీరు."

అక్టోబర్ 15

మళ్ళీ అదే వార్డు. ఈసారి నర్సు వేరే ఆవిడ. వాడి బట్టలు విప్పి, మొలతాడు తియ్యాలండి అంది.

అమ్మ బల్ల పక్కన నిలబడి ఉంది. ఈసారి అరవలేదు. గొంతు తగ్గించి అడిగింది. "కొత్తది కట్టేకే పాతది తీస్తారమ్మా మాలో. ఒక్క క్షణం కూడా ఉత్తి మొల ఉంచరు. కొత్తది తెచ్చేను. కట్టనీ."

"కొత్తదైనా పాతదైనా లోపలికి కుదరదండి. కొయ్యాల్సింది అక్కడే కదా."

అమ్మ చెయ్యి వాడి పొట్ట మీదే ఉంది. ఉమ ఈసారి అమ్మని బతిమాలలేదు. నా వైపే చూస్తోంది.

నేను వంగి ముడి పట్టుకున్నాను.

"కొండా."

"తెంపట్లేదే అమ్మా. విప్పుతున్నాను."

"విప్పి ఎక్కడ పెడతావురా? ఎవరి నడుమునా లేకుండా ఉండకూడదు."

"నా నడుమున ఉంటుంది."

ముడి బిగిసిపోయి ఉంది. నూనెకి, నీళ్ళకి గట్టిపడింది. గోటితో రాలేదు. పళ్ళతో పట్టి విప్పేను. వాడు నా జుట్టు పీకి నవ్వేడు. చొక్కా ఎత్తి ఆ తాడుని నా మొలతాడుకి రెండు ముడులు వేసి కట్టుకున్నాను. నర్సు తల తిప్పుకుంది, నవ్వొచ్చి.

అమ్మ చూసింది. ముడి లాగి చూసింది. వాడి పొట్ట మీంచి చెయ్యి తీసేసింది.

తీసుకెళ్ళేరు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. కూర్చున్నంతసేపూ అమ్మ నా చొక్కా కింద చెయ్యి పెట్టి ఆ తాడు పట్టుకునే ఉంది. ఎదురుగా కూర్చున్నావిడ అడిగింది, "మీ అబ్బాయిగారికి కడుపునొప్పాండి?"

"ఆయ్," అంది అమ్మ.

ఉమ నవ్వింది. ఆ నవ్వు చివర ఏడిచింది. అమ్మ రెండో చెయ్యి ఉమ మోకాలి మీద వేసింది.

డాక్టరు వచ్చి దిగిందండి, బాగుంది, సైజు కూడా బాగానే ఉంది అంది. మంచి టైముకి తెచ్చేరు అంది. మేం ఎప్పుడు తెచ్చేమో ఆవిడకి తెలుసు. అయినా అలాగే అంది.

అక్టోబర్ 18

వాడికి నొప్పి లేదు. మందు సీసా చూస్తే నోరు తెరుస్తున్నాడు, తియ్యగా ఉందట. చంకనెక్కించుకోవద్దు, మూడుచక్రాల బండి ఎక్కించొద్దు అన్నారు. బండి అటక మీద పెట్టేను. బండి కోసం అటక వైపు చూసి ఏడుస్తున్నాడు.

అక్టోబర్ 29

కుట్లు మానేయి. ఏటా ఒకసారి తీసుకొచ్చి చూపించమంది డాక్టరు. పెద్దయ్యాక సంగతి వాడికి చెప్పాలి, వాడు నెలకోసారి తడిమి చూసుకోవాలి అంది. "దాచకండి," అని నా వైపు చూసి అంది.

ఇంటికొచ్చేక అమ్మ కొత్త మొలతాడు కట్టింది. అది కట్టేకే నా నడుమున ఉన్న వాడి పాతది విప్పనిచ్చింది. విప్పేసరికి నాకు ఏదో తేలిగ్గా ఉంది. వెలితిగా కూడా ఉంది.

నవంబర్ 5

స్కానింగ్ కాగితం ఉమ సంచిలోనే ఉంది. కోతలు అయ్యేక.

నవంబర్ 8

కోతలు లేవు. ఉమ తోటకి వచ్చి చూసింది.

నవంబర్ 12

వెళ్ళేం. జెల్లీ చల్లగా ఉంది. స్కానింగు చేసే కుర్రాడు ఫోన్‌లో క్రికెట్ స్కోరు వింటూ తిప్పుతున్నాడు, ఒకచోట ఆగి స్కోరు ఆపేసేడు. 

పెద్దవాళ్ళ డాక్టరుగారు చూసి చెప్పేరు. లోపలే ఉంది. చిన్నది, ఎండిపోయినట్టు ఉంది. గడ్డలేం లేవు. ఇప్పటికి ఏం కాలేదు అన్నారు.

ఆ మాట ఆయన నోట విన్నాక ఉమ కళ్ళు మూసుకుంది.

ఈ వయసులో దింపి లాభం లేదు, తీసేస్తే నిశ్చింత, ఎడమది బాగుంది, అది చాలు అన్నారు. మగతనానికి ఏం లోటు రాదండి అన్నారు, నేను అడక్కుండానే. వచ్చే నెల చేద్దాం అన్నారు.

"ఆయ్," అన్నాను. ఊరుకోవడానికి అన్నది కాదు.

నవంబర్ 30

చలి మొదలైంది. ఎర్రయ్యకి ఆపరేషన్ సంగతి చెప్పేను. ఏంటో కూడా చెప్పేను. గెల దించి భుజం తుడుచుకున్నాడు.

"ఓ నెల బరువులెత్తకూడదన్నమాట."

"ఊఁ."

"అయితే గట్టు మీద కూర్చుని నాకు పెత్తనం చేస్తావు. ఇప్పుడు చేస్తున్నదీ అదే కదా."

డిసెంబర్ 9, మంగళవారం

మంచు. కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. పొద్దున తోట వైపు వెళ్ళలేదు.

స్నానం చేసి వచ్చేసరికి అమ్మ వరండాలో చంటాణ్ణి నిలబెట్టి ఉంచింది. చొక్కా ఎత్తమంది. పెద్దవాణ్ణి, నేను విప్పుకుంటాలే అన్నాను. వినలేదు. నా మొలతాడు ముడి తనే విప్పింది. చాలాసేపు పట్టింది, ఆవిడకి చత్వారం. విప్పుతూ, తల ఎత్తకుండా అంది.

"దిగుతుందన్నారురా అందరూ. నేనూ దిగుతుందనే అనుకున్నాను. నిన్ను అడగటానికి మొహం చెల్లలేదు."

"ఇప్పుడేమైందిలే అమ్మా."

తాడు తీసి చంటాడి నడుముకి కట్టింది, వాడి తాడు మీదే. రెండు చుట్లు వచ్చింది. వాడు పొట్ట వంక చూసుకుని, తాడు పట్టుకు లాగి, కదిలి చూసేడు. జారలేదు.

మొదటి బస్సుకి నేనూ ఉమా కాకినాడ బయలుదేరేం. అమ్మ, చంటాడు ఇంటి దగ్గర ఉన్నారు.